బండల నడుమ కాలిబాట

పాఠ్యభాగ పరిచయం

హైదరాబాదు నగరానికి పడమట, నేడు సైబరాబాదుగా ప్రసిద్ధమైన ప్రాంతంలోని శిలలను, అడవిని, వాటి నడుమ నడిచే మనుషులను పరిచయం చేసే వ్యాసమిది. ఫ్రాన్సు దేశపు అడవిదారుల, పల్లెబాటల చరిత్రను పోలికగా గ్రహించి, నడిచేవారికీ నేలకూ మధ్య ఏర్పడే సంబంధం ఎటువంటిదో ఇందులో పరిశీలించడం జరిగింది.

పాఠం

అల్లసాని పెద్దన రచించిన 'మనుచరిత్ర'లోని ప్రవరుని కథ తెలుగు విద్యార్థులకు సుపరిచితమే. అరుణాస్పదపురంలో నిత్యకర్మలు తప్పక ఆచరించే ఆ గృహస్థునికి తీర్థాలు చూడాలనే కోరిక మెండు. ఇంటికి వచ్చిన అతిథుల నోట దూరదేశాల ముచ్చట్లు విని ఆనందించేవాడు. చివరకు ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు పాదాలకు పూసుకొని క్షణకాలంలో హిమాలయం చేరుకున్నాడు. మంచు తాకిడికి ఆ లేపనం కరిగిపోయింది. ఇక తిరిగి వెళ్లే మార్గం తెలియలేదు. నడిచి వచ్చినవానికి వచ్చిన దారి గుర్తుంటుంది. ప్రవరుడు నడిచి రాలేదు. అందుకే అంతటి పండితుడు వరూధిని కనబడగానే ఊరికి దారి చెప్పమని ప్రాధేయపడవలసి వచ్చింది.

ఈ ఘట్టంలోని శృంగారాన్ని, ధర్మనిష్ఠను విమర్శకులు విస్తారంగా చర్చించారు. దారి తెలియకపోవడమనే చిన్న విషయాన్ని అంతగా పట్టించుకోలేదు. నేటి నగరవాసికి మాత్రం ఆ చిన్న విషయమే తన కథవలె తోస్తుంది. మాదాపూరులోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసే యువకుని దినచర్యను గమనిస్తే ఈ సంగతి బోధపడుతుంది. పదిహేనవ అంతస్తులోని ఇంటినుండి లిఫ్టులో దిగి, కారెక్కి, పైవంతెన మీదుగా సాగి, మరొక భవనపు నేలమాళిగలో దిగి, మరల లిఫ్టులో పైకి పోతాడు. తన ఇంటికీ కార్యాలయానికీ నడుమ ఏ గుట్ట ఉన్నదో, ఏ వాగు పారినదో అతనికి తెలిసే అవకాశం లేదు. ఆధునిక వాహనం కూడా ఒక పాదలేపమే.

ఆ పాదలేపాన్ని కడిగివేసుకొని నేలమీద నడిచేవారు ఈ నగరంలో లేకపోలేదు. ఆదివారం ఉదయం ఖాజాగూడ గుట్ట దగ్గర నిలబడితే వారు కనిపిస్తారు. వీపున చిన్న సంచి, చేతిలో నీళ్లసీసా, కాళ్లకు పట్టున్న బూట్లు. కొందరి వెంట పిల్లలు, కొందరి వెంట తల్లిదండ్రులు. గుట్టపై బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉన్నది, అనంతపద్మనాభస్వామి ఆలయమూ ఉన్నది. ఆ రెండింటికీ భక్తులు నడిచిన పాత బాటలే నేడు ఈ పాదచారులకూ ఆధారం. పైకి చేరి చూస్తే ఒకవైపు అద్దాల మేడలు, మరొకవైపు ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గుండ్రని బండరాళ్లు. మేడల వయస్సు పాతికేళ్లు. రాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

ఈ అంకెను కొంత నిదానంగా గ్రహించవలసి ఉన్నది. హిమాలయాలు పైకి లేవడం మొదలై దాదాపు 5 కోట్ల సంవత్సరాలు మాత్రమే అయినదని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. ప్రవరుడు చూడబోయిన మంచుకొండలకంటే హైదరాబాదు గుట్టలు అనేక రెట్లు ప్రాచీనమైనవి. భూమి లోపల చాలా లోతున కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గ్రానైటుగా గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు వానకు, గాలికి అరిగి కొట్టుకొనిపోగా, లోపలి శిల బయటపడింది. పైభారం తొలగిన శిల వ్యాకోచించి, నిలువునా అడ్డంగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలో నీరు దిగి రాతిలోని కొన్ని ఖనిజాలను మన్నుగా మార్చింది. మూలలకు రెండు మూడు వైపులనుండి నీరు తగులుతుంది గనుక అవి ముందుగా అరిగిపోయి, చతురస్రంగా ఉండవలసిన బండ గుండ్రదనం పొందింది. చుట్టూ ఉన్న మన్ను వానలకు కడుక్కుపోయిన తరువాత మిగిలినవే ఈ గుండ్లు. తాకితే దొర్లిపోతాయేమో అనిపించే రాళ్లు వేల ఏళ్లుగా నిలిచి ఉండడానికి కారణం ఇదే. వాటిని ఎవరూ అక్కడకు తెచ్చి పేర్చలేదు; అవి ఉన్నచోటనే ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్నదే తొలగిపోయింది.

తెలుగువారు ఈ నేలను ఎంత దగ్గరగా ఎరుగుదురో వారి మాటలే చెబుతాయి. గుట్ట, బోడు, బండ, గుండు, పరుపుబండ, సొరికె, దోనె అని రాతి రూపాలకు విడివిడిగా పేర్లున్నాయి. వాననీరు నిలిచే రాతిగుంటను దోనె అనడం పశులకాపరులకు తెలిసిన మాట. మేకలకు నీరెక్కడ దొరుకుతుందో తెలియడం వారికి బ్రతుకుతెరువు. ఊళ్ల పేర్లలోనూ ఈ ఎరుక కనిపిస్తుంది. గుట్టల బేగంపేట అన్న పేరులో గుట్టలున్నాయి. గచ్చిబౌలిలోని బౌలి అంటే దిగుడుబావి. 'కంచ గచ్చిబౌలి'లోని కంచ అంటే పశువులు మేయడానికి విడిచిన బీడు. నేటి నగరపటంలో ఈ పేర్లు బస్సు నిలిచే చోట్లుగా మాత్రమే మిగిలాయి. పేరు ఉన్నది, పేరు చెప్పిన వస్తువు లేదు.

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. హైటెక్ సిటీకి అది తొలి మెట్టు. దానితో లక్షలాది కుటుంబాలకు జీవనాధారం లభించింది, తెలుగు యువత ప్రపంచమంతటా పేరు తెచ్చుకొన్నది. ఈ మేలును చిన్నచూపు చూడడం న్యాయం కాదు. అయితే భవనానికి సమతలమైన నేల కావాలి, పునాదికీ గోడకూ కంకర కావాలి. గుట్టను పేల్చితే రెండూ ఒకేచోట లభిస్తాయి. ఈ సౌలభ్యమే రాళ్లకు శాపమైంది. 250 కోట్ల ఏళ్లు నిలిచిన గుండు తూటా పెట్టిన మధ్యాహ్నం లేకుండా పోయేది. దానిని గురించి ఫిర్యాదు చేసేవారు కూడా ఉండేవారు కారు. పేరులేని రాయి పోయిందని ఎవరు ఎవరికి చెప్పగలరు?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారు 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థగా ఏర్పడ్డారు. వారిలో చిత్రకారులు, ఛాయాచిత్రకారులు, భూగర్భశాస్త్రజ్ఞులు, సామాన్య గృహస్థులు ఉన్నారు. జర్మనీలో పుట్టి హైదరాబాదును తన ఊరుగా చేసుకొన్న ఫ్రౌకె క్వాదర్ ఈ సంస్థకు చిరకాలం సారథ్యం వహించారు. వారు వినతిపత్రాలు వ్రాశారు, న్యాయస్థానాలకు వెళ్లారు. అన్నింటికంటె ముఖ్యంగా, జనాన్ని వెంటబెట్టుకొని రాళ్ల మధ్యకు నడిచారు. నెలనెలా జరిగే ఈ నడకకు 'రాక్ వాక్' అని పేరు. రుసుములేని ఆ నడకలో పాల్గొనడానికి పాండిత్యం అవసరం లేదు. ఎండ ముదరకముందే లేవగలిగితే చాలు.

నడిచినవారు రాళ్లకు పేర్లు పెట్టుకొన్నారు. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కును తలపించే రాయి 'బేర్స్ నోస్' అయింది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పుట్టగొడుగు వంటిది 'మష్రూమ్ రాక్' అయింది. మౌలాలి దగ్గర కావలివానివలె నిలిచినది 'సెంటినెల్ రాక్'. ఈ పేర్లన్నీ ఆంగ్లంలో ఉండడం తెలుగు అభిమానులకు కొంత నొప్పి కలిగించవచ్చు. కావలిగుండు అని పిలువడానికి అడ్డేమున్నది? అయినా పేరంటూ ఏర్పడిన తరువాత రాయి స్థితి మారింది. పేరున్నదానిని జాబితాలో వ్రాయవచ్చు, పటంలో చూపవచ్చు. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ నియమావళిలోని 13వ నిబంధన కింద వారసత్వ కట్టడాలతోపాటు తొమ్మిది శిలాసముదాయాలు చేరాయి. పై మూడింటితోపాటు దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, పాత బొంబాయి రోడ్డులో హుసేన్ షా వలి దర్గా సమీపంలోని రాళ్లు కూడ అందులో ఉన్నాయి. చార్మినారుకు లభించే గౌరవం ఒక బండరాయికి లభించడం సామాన్య విషయం కాదు. ఆ నిబంధనను 2015లో ప్రభుత్వం తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ పరిరక్షణ చట్టం వచ్చింది. కాగితం మీది రక్షణ కాగితం వలెనే చినుగుతుందని రాళ్ల మిత్రులకు అనుభవంలోకి వచ్చిన సందర్భమది. దుర్గం చెరువు గట్టున నేడు నిలబడి చూచినవారికి గుట్టలెన్ని, భవనాలెన్ని అన్నది లెక్కపెట్టి చెప్పనక్కరలేదు.

ఇటువంటి కథ దాదాపు రెండు వందల ఏళ్ల క్రితం మరొక మహానగరపు అంచున నడిచింది. ఫ్రాన్సు రాజధాని పారిస్‌కు ఆగ్నేయంగా 60 కిలోమీటర్ల దూరంలో ఫాంటెన్‌బ్లో అడవి ఉన్నది. పూర్వం అది రాజుల వేటకాననం. అక్కడ ఓక్, బీచ్ వృక్షాల నడుమ ఇసుకరాతి గుండ్లు గుట్టలుగా పడి ఉంటాయి. హైదరాబాదువాసిని కళ్లకు గంతలు కట్టి అక్కడ విడిస్తే, చెట్లను చూచి అయోమయపడినా రాళ్లను చూచి తన ఊరే అనుకొంటాడు. ఆ రాళ్లకు వచ్చిన ఆపద కూడ మనకు తెలిసినదే. పారిస్ వీధులలో పరచడానికి వాటిని పగులగొట్టి తరలించేవారు.

క్లోద్ ఫ్రాంస్వా దెనెకూర్ 1788లో జన్మించిన ఒక పేద సైనికుడు. నెపోలియన్ సేనలో పనిచేసి గాయపడినాడు. తరువాత ఫాంటెన్‌బ్లోలో సైనికుల వసతిగృహానికి కాపలాదారుగా ఉండి, 1832లో ఆ కొలువు పోగొట్టుకొన్నాడు. దిక్కుతోచని ఆ రోజులలో అతడు అడవిలో తిరగడం మొదలుపెట్టాడు. తనకు ఓదార్పునిచ్చిన చోట్లను ఇతరులకు చూపాలనిపించింది. 1839లో ఒక మార్గదర్శిని ప్రచురించాడు. 1842లో చెట్లమీద, రాళ్లమీద నీలిరంగు గుర్తులు వేసి, ఎవరి సాయమూ లేకుండా సామాన్యుడు నడిచి తిరిగి రాగల బాటలను ఏర్పరచాడు. సొంత డబ్బు వెచ్చించి, పొదలు నరికించి, మెట్లు కట్టించి, 1875లో మరణించేనాటికి సుమారు 150 కిలోమీటర్ల కాలిబాటలను తీర్చిదిద్దాడు. రాళ్లకు, గుహలకు, వృక్షాలకు వీరుల పేర్లు, కవుల పేర్లు పెట్టాడు. కొన్ని గుహలను తానే తవ్వించి ప్రకృతి సిద్ధమైనవన్నట్లు చూపాడన్న విమర్శ అతని మీద ఉన్నది; అది నిజమే. అయినా అడవిదారికి గుర్తు వేయడమనే ఆలోచన అతనిది. 1849లో పారిస్‌నుండి రైలుమార్గం పడిన తరువాత ఆదివారపు నడకదారులు వేలమంది వచ్చారు. చేతిలో దెనెకూర్ పుస్తకం, కళ్ల ఎదుట నీలిగుర్తు ఉంటే వారికి ప్రవరుని అవస్థ పట్టలేదు.

అదే అడవి అంచున బార్బిజాన్ అనే పల్లెలో చిత్రకారులు నివసించేవారు. వారిలో థియొడోర్ రూసో ముఖ్యుడు. ప్రసిద్ధ తత్త్వవేత్త రూసో ఇతడు కాడు. తాము ప్రతిదినం నడిచి చూచి చిత్రించిన వృక్షాలు నేలకూలడం సహించలేక 1852లో అతడు ప్రభుత్వానికి విన్నపం పంపాడు. ఫలితంగా 1853లో 624 హెక్టార్ల అడవిని కోతనుండి మినహాయించారు. 1861లో మూడవ నెపోలియన్ కాలంలో వెలువడిన ఉత్తరువు దానిని 1,097 హెక్టార్లకు విస్తరించింది. అమెరికాలో యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానం ఏర్పడింది 1872లో. అంటే అంతకు పదకొండేళ్ల ముందే, వేటకో కలపకో కాక, కేవలం దాని అందంకోసం ఒక అడవిని చట్టం కాపాడిందన్నమాట. ఆ అందాన్ని అధికారులు గుర్తించలేదు. నడిచినవారు గుర్తించి అధికారులకు చెప్పారు.

నడక పుస్తకంగా మారితే దాని ప్రభావం మరింత దూరం పోతుంది. స్కాట్లండుకు చెందిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1878లో దక్షిణ ఫ్రాన్సులోని సెవెన్న్ కొండలలో పన్నెండు రోజులు నడిచాడు. సామాను మోయడానికి మోదెస్తీన్ అనే గాడిదను కొన్నాడు. ఆ గాడిద అతని మాట వినలేదు. తాను స్వయంగా రూపొందించి కుట్టించుకొన్న పక్కసంచిలో ఆరుబయట నిద్రించాడు, ఒక మఠంలో సన్యాసుల ఆతిథ్యం స్వీకరించాడు. 1879లో వెలువడిన ఆ యాత్రాకథనం చదివినవారు అదే దారిన నడవాలని వెళ్లడం పరిపాటి అయింది. నేడు అది ఆ దేశంలో సంఖ్యతో గుర్తించిన దూరపు నడకబాటలలో ఒకటి. గాడిదను అద్దెకిచ్చేవారు కూడ ఉన్నారు.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకు రాక మానడు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరుకొన్నాడు. స్టీవెన్సన్‌కంటె దాదాపు అర్ధశతాబ్దం ముందటి యాత్ర అది. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, దారి ఇసుకపర్రా రాతినేలా, బావినీరు మంచిదా కాదా, దిగడానికి సత్రమున్నదా లేదా అన్న వివరాలన్నీ వ్రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' ఈనాటికీ ఆ దారులకు దస్తావేజు. ఒక్క సంగతి మాత్రం మరువరాదు. వీరాస్వామయ్య ప్రయాణించినది మేనాలో, నడిచినవారు బోయీలు. ఆ నేల స్పర్శ వారి పాదాలకు తెలుసు, ఆ స్పర్శను అక్షరాలలో పెట్టే అవకాశం వారికి రాలేదు. తెలుగు యాత్రాసాహిత్యంలో ఇది నేటికీ పూరింపబడని ఖాళీ.

ఫ్రాన్సులో ఈ బాటల సంగతి వ్యక్తుల అభిరుచితో ఆగిపోలేదు. జాన్ లోయిసో అనే వాస్తుశిల్పి, అతని మిత్రులు దేశమంతటా దూరపు నడకబాటలను కలపాలని సంకల్పించి, భారతదేశం స్వతంత్రమైన 1947 ఆగస్టులోనే ఒక జాతీయ సంఘాన్ని స్థాపించారు. తొలి ఖండం ఓర్లేయాన్ సమీపంలో లువార్ నది వెంబడి తెరువబడింది. తెలుపు గీత కింద ఎరుపు గీత ఉంటే సరియైన దారి. ఆ రెండూ గుణకారపు గుర్తువలె కలిస్తే ఆ దారి కాదు. చదువురాని పిల్లవాడికైనా అర్థమయ్యే ఈ లిపి పొలాల గట్లమీద, పల్లెల గోడలమీద, అడవిలోని చెట్లమీద కనిపిస్తుంది. వేలాది స్వచ్ఛంద సేవకులు రంగుడబ్బా, కుంచె పట్టుకొని ఏటేటా ఆ గుర్తులను తిరిగి దిద్దుతారు. 1983లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి జిల్లా తన నడకబాటల పట్టికను తయారుచేసుకోవాలి. ఆ పట్టికలో చేరిన పల్లెబాటను అమ్మివేయదలిస్తే, బాట తెగిపోకుండా దానికి మారుగా మరొక బాట చూపాలి. లేకుంటే ఆ విక్రయం చెల్లదు.

ఈ నియమం మన పల్లెలకు పూర్తిగా కొత్తదేమీ కాదు. తెలంగాణ గ్రామాలలో రెవెన్యూ నక్షలో గీచిన దారిని 'నక్షబాట' అంటారు. అది ఎవరి సొంత భూమిలోనుండి పోయినా అందరిదీ. ఎడ్లబండికీ, మందకూ, మనిషికీ అడ్డుచెప్పకూడదు. 'నక్షల ఉన్నది, బాట ఇడువాలె' అన్న ఒక్క మాటతో ఊరి పెద్దలు తగవు తీర్చేవారు. నగరం పల్లెను కలుపుకొన్నపుడు ఈ మాటకు బలం తగ్గింది. పొలం ప్లాట్లయి, ప్లాట్ల చుట్టూ ప్రహరీ లేచి, ప్రహరీకి ద్వారం వచ్చి, ద్వారం దగ్గర కాపలాదారు కూర్చున్నాడు. నక్షలో గీత అట్లాగే ఉన్నది. బాట గోడలోపలికి పోయింది. గుట్ట పోతే కనీసం శబ్దమైనా వినబడుతుంది. బాట నిశ్శబ్దంగా పోతుంది.

ఇక ఇటీవలి సంఘటన ఒకటి ఈ విషయానికి బాగా సరిపోతుంది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి ఉన్నది. చుట్టూ సాఫ్ట్‌వేరు కార్యాలయాలు పెరిగినా అక్కడ పొదలు, చెట్లు, రాళ్లు, నీటిమడుగులు మిగిలాయి. జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు అక్కడ బ్రతికాయి. ఆ భూమిని పరిశ్రమలకు కేటాయించదలచిన ప్రభుత్వం, అది రికార్డులలో అడవి కాదని, తమ స్వాధీనంలోని భూమి అని వాదించింది. 2025 మార్చి 30న, ఉగాది సెలవుల రోజులలో, యంత్రాలు లోపలికి ప్రవేశించి చెట్లను కూల్చసాగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న భారత సర్వోన్నత న్యాయస్థానం తనంతట తాను జోక్యం చేసుకొని పనులను నిలిపివేయించింది. ఏప్రిల్ 16న, నష్టపోయిన దాదాపు వంద ఎకరాలను ఎట్లా పునరుద్ధరిస్తారో ప్రణాళిక చూపవలసినదిగా ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ భూమి ఎవరిది, దానికి ఏ పేరు చెల్లుతుంది అన్న వాదం న్యాయశాస్త్రానికి సంబంధించినది. ఈ పాఠానికి సంబంధించినది మరొకటి. యంత్రాలు వచ్చిన రోజున అక్కడ ఏమున్నదో చెప్పగలిగినవారు కొందరున్నారు. వారు అంతకు ముందు ఏళ్ల తరబడి సాయంకాలాలలో ఆ బాటలవెంట నడిచిన విద్యార్థులు, ఆచార్యులు, పక్షి పరిశీలకులు. ఏ మడుగు దగ్గర నెమళ్లు దిగుతాయో, ఏ పొదలో ఏ పిట్ట గూడు కడుతుందో వారు వ్రాసి ఉంచారు, ఛాయాచిత్రాలు తీసి ఉంచారు. రికార్డులో 'బీడు' అన్న రెండక్షరాలకు ఎదురుగా పెట్టడానికి వారి దగ్గర సాక్ష్యం ఉన్నది. ఆ నడకలు లేకుంటే ఆ నేలలో ఏముండేదో చెప్పడానికి కూల్చినవారు తప్ప మరెవరూ మిగిలేవారు కారు.

నడవదలచినవారికి నగరంలోనూ నగరం వెలుపలనూ ఇంకా చోటున్నది. జూబిలీహిల్స్‌లో 350 ఎకరాలకు పైబడిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం 1998లో ఏర్పడింది. ఉదయంపూట దాని బయటి బాట కూడ సందడిగా ఉంటుంది. కొత్తగూడ దగ్గర 274 ఎకరాల అటవీ భూమిలో వృక్షోద్యానం ఉన్నది. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వంటి స్వచ్ఛంద బృందాలు శని, ఆదివారాలలో కొత్తవారిని కూడ వెంటబెట్టుకొని కొండలకు పోతాయి. ఇట్లా పోయేవారు కొన్ని మర్యాదలు పాటించడం అవసరం. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోరాదు. ఎండకాలంలో పది గంటలలోపు తిరిగి రావాలి. ఒక్కరుగా పోరాదు. తీసుకొనిపోయిన ప్లాస్టిక్ సీసాను తిరిగి తెచ్చుకోవాలి. రాతిమీద పేర్లు చెక్కరాదు. దెనెకూర్ వేసిన గుర్తు వెనుకవచ్చేవారికి దారి చూపడానికి. ప్రేమికులు చెక్కే పేర్లకు అట్టి ప్రయోజనమేదీ లేదు.

హైటెక్ సిటీ ఉద్యోగులు ఎక్కువగా వెళ్లే దూరపు నడక వికారాబాదు సమీపంలోని అనంతగిరి. లింగంపల్లిలో రైలెక్కి వికారాబాదులో దిగి, అక్కడినుండి ఆటోలో కొండమీది అనంతపద్మనాభస్వామి ఆలయం చేరవచ్చు. ఆలయం దాటిన తరువాత అడవి మొదలవుతుంది. మాఘ ఫాల్గుణాలలో మోదుగులు ఎర్రగా పూచి ఉంటాయి. శ్రావణంలో నేలంతా తడిసి, బాట కాళ్లకింద జారుతుంది. లోయలోకి దిగే బాట ఒకచోట సన్నని నీటిపాయను దాటుతుంది. ఒక్క అంగలో దాటగల ఆ నీరు మూసీనది పుట్టుక. అదే నది గండిపేట చెరువును నింపి, హైదరాబాదు నడుమనుండి సాగి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరంలో దానిని వంతెనమీద కారు అద్దాలు ఎత్తుకొని దాటే యువకులు ఇక్కడ బూట్లు విప్పి చేతపట్టుకొని దాటుతారు. అవతలి ఒడ్డున బాట రెండుగా చీలుతుంది. అక్కడ ఏ రంగు గుర్తూ లేదు. ఏది గుడికి పోతుందో పశులకాపరిని అడగాలి.

కఠిన పదాలు - అర్థాలు

పాదలేపం : పాదాలకు పూసుకొనే మందు
దేశాటనం : దేశాలు తిరగడం
వ్యాకోచించు : విరివి పొందు, ఉబ్బు
సొరికె : రాతిలోని సందు, చిన్న గుహ
దోనె : కొండమీద వాననీరు నిలిచే రాతిగుంట
దుబాసీ : రెండు భాషలు తెలిసి అనువదించి చెప్పేవాడు
మేనా : పల్లకి వంటి వాహనం
దస్తావేజు : ఆధారపత్రం
నక్ష : గ్రామపటం
అంగ : ఒక అడుగు దూరం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాదు శిలల పుట్టుకను వివరించి, వాటి పరిరక్షణకు నడక ఎట్లా తోడ్పడిందో వ్రాయండి.
2. ఫాంటెన్‌బ్లో అడవి చరిత్రను, సైబరాబాదు గుట్టల చరిత్రను పోల్చి పోలికలను, భేదాలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ప్రవరునికి దారి తెలియకపోవడాన్ని రచయిత ఏ విషయానికి అన్వయించారు?
2. 'నక్షబాట' అంటే ఏమి? ఫ్రాన్సు దేశపు 1983 నాటి చట్టంతో దానికిగల సామ్యమేమి?
3. 'కాశీయాత్ర చరిత్ర'లో పూరింపబడని ఖాళీ అని రచయిత దేనిని పేర్కొన్నారు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. దెనెకూర్ తన బాటలకు ఏ రంగు గుర్తులు వేశాడు?
3. స్టీవెన్సన్ గాడిద పేరేమి?
4. మూసీనది ఎక్కడ కృష్ణలో కలుస్తుంది?

ఈ) ప్రాజెక్టు పని
మీ కళాశాలనుండి మీ ఇంటివరకు, లేదా మీ ఊరినుండి పొరుగూరివరకు, పూర్వం ఉండిన కాలిబాటను గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ బాటలో నడిచి చూచి, నేడు అది ఎక్కడ మిగిలి ఉన్నదో, ఎక్కడ తెగిపోయిందో ఒక పటం గీచి వివరించండి.